లక్క బొమ్మ నిగనిగ ఫొటోలో పడాలంటే: ఇంట్లో బల్బులతో మెరిసే వస్తువులకు ఫొటోలు తీసే పద్ధతి

ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన లక్క బొమ్మల ఫొటోలు కాస్త దగ్గరగా చూడండి. రాణి బొమ్మ పొట్ట మీద తెల్లటి చక్రం ఒకటి కనిపిస్తుంది. అది చేతిపని కాదు, ఫొటో తీసినవాళ్లు వాడిన రింగ్ లైటు. కొన్నిట్లో రాజు తలపాగా మీద వరసగా చుక్కలుంటాయి. అవి వస్తువుని లోపల పెట్టి ఫొటో తీసే, మడతపెట్టే లైట్‌బాక్స్ పైకప్పుకి అంటించిన ఎల్ఈడీ స్ట్రిప్ గింజలు. ఇంకొన్నిట్లో సీలింగ్ ఫ్యాన్ మూడు రెక్కలూ లెక్కపెట్టుకోవచ్చు.

నున్నటి లక్క మీద మనకు కనిపించే మెరుపు నిజానికి ఎదురుగా ఉన్న దీపం, కిటికీ, గోడల ప్రతిబింబమే. అందుకని ఇలాంటి వస్తువుకి ఫొటో తీసేటప్పుడు సగం పని వస్తువుతో కాదు, అది చూస్తున్న గదితో. మెరుపు లేకుండా చేయాలని ప్రయత్నిస్తే బొమ్మ మట్టిబొమ్మలా వస్తుంది, కొనేవాళ్లకు లక్కపని అని కూడా తెలియదు. మెరుపు ఉండాలి. కాకపోతే అది ఎక్కడ పడాలో, ఎంత వెడల్పుండాలో మీరు నిర్ణయించాలి.

నేను ఇక్కడ ముఖ్యంగా ఏటికొప్పాక బొమ్మలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫొటో తీసేవాళ్లకు ఈ తయారీలో పనికొచ్చే విషయం ఒకటుంది: లేతు మీద చేసిన ప్రతి వస్తువూ గుండ్రంగానే ఉంటుంది. కుంకుమ భరిణె, బొంగరం, రాజారాణి, అన్నీ అంతే. కాబట్టి వెలుతురు ఎలా పెట్టాలో ఒకదాని మీద నేర్చుకుంటే మిగతావాటికి పెద్దగా మార్చక్కర్లేదు.

ఏం కావాలి, ఏం అక్కర్లేదు

రెండు ఎల్ఈడీ బల్బులు, 12 వాట్లవి అయితే బాగుంటుంది, 9 వాట్లవైనా పని జరుగుతుంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగు వెలుతురువి అయ్యుండాలి. డబ్బా మీద 6500 కె అనో కూల్ డే లైట్ అనో రాసి ఉంటుంది. ఒకటి తెలుపు, ఒకటి పసుపు అయితే బొమ్మ ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా వస్తుంది. తర్వాత ఏ యాప్‌లోనూ అది సరికాదు. డబ్బా మీద సీఆర్ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 అని ఉన్నవి దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అవే కొనండి. మామూలు బల్బులు ఎక్కువగా 80 దగ్గర ఉంటాయి, వాటి కింద ఎరుపు రంగులు కాస్త చచ్చినట్టుంటాయి.

వీటితో పాటు వైరున్న హోల్డర్లు రెండు, ఒక తెల్ల పంచె, రెండు థర్మోకోల్ షీట్లు, తెలుపు, బూడిద, నలుపు రంగుల్లో గరుకు చార్టులు, బట్టల క్లిప్పులు, బట్టలారేసే స్టాండు ఉండాలి. ఇంట్లో లేనివి మాత్రమే కొంటే వెయ్యి రూపాయల్లోపే అవుతుంది.

పంచె గురించి రెండు మాటలు. చాకలికి వేసి నీలిమందు పెట్టించిన పంచె వద్దు, వెలుతురంతా నీలం తిరుగుతుంది. అంచు కనిపించకుండా వెనక్కి మడవండి. జరీ అంచు అలాగే వదిలేస్తే బొమ్మ మీద మెరుపు మధ్యలో ముదురు గీత పడుతుంది. అదేమిటో తెలియక బొమ్మని తుడుస్తూ కూర్చుంటారు. ఒక్క పొర చాలు. చిన్న వస్తువులకైతే పంచె కన్నా స్టేషనరీ షాపులో దొరికే ట్రేసింగ్ పేపరు మేలు, దానికి ముడతలు ఉండవు.

రింగ్ లైటు ముఖానికి పనికొస్తుంది గానీ బొమ్మకి వద్దు. పాత ఫిలమెంట్ బల్బులు, హాలోజన్ దీపాలు అసలే వద్దు. వాటి వేడికి గుడ్డ కాలే ప్రమాదం ఒకటి, దగ్గరగా పెడితే లక్క మెత్తబడే ప్రమాదం ఇంకొకటి.

బొమ్మని సిద్ధం చేయడం

మామూలు కంటికి కనబడని దుమ్ము, వేలిముద్ర నున్నటి లక్క మీద, దగ్గరి ఫొటోలో భూతద్దంలో చూసినట్టు బయటపడతాయి. మెత్తటి మేకప్ బ్రష్‌తో దుమ్ము దులిపి, పాత నూలు గుడ్డతో తుడిచి, ఆ తర్వాత ఆ గుడ్డతోనే పట్టుకోండి.

శానిటైజరుతో మాత్రం తుడవకండి. కళ్లద్దాలు తుడిచే స్ప్రేలోనూ తరచు స్పిరిట్ ఉంటుంది. లక్క స్పిరిట్లో కరుగుతుంది. ఒక్కసారి రుద్దినా నిగనిగ పోయి మసకమచ్చ మిగులుతుంది, ఆ మచ్చని తుడిచి తీయలేరు. తడిగుడ్డ కూడా అవసరం లేదు.

పగలా, రాత్రా?

కిటికీ వెలుతురు ఉచితం, పైగా రంగులు నిజంగా కనిపిస్తాయి. ఉత్తరపు కిటికీ దగ్గర తీయమని ఫొటోగ్రఫీ పాఠాల్లో చెబుతారు, అటు నుంచి నేరుగా ఎండ పడదని. అది చల్లని దేశాలవాళ్ల లెక్క. మనం కర్కట రేఖకి దక్షిణాన ఉన్నాం. విశాఖ ప్రాంతంలో మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోనూ ఎండపొడ పడుతుంది. అప్పుడు కిటికీకి పంచె కట్టుకోవాలి. మిగతా కాలంలో ఆ అవసరం అంతగా ఉండదు.

అయితే అమ్మకానికి పెట్టే ముప్ఫై వస్తువులూ ఒకే తీరుగా రావాలంటే నేను రాత్రినే నమ్ముతాను. మబ్బు పట్టి మారిపోయే వెలుతురు ఉండదు, కిటికీ చట్రం బొమ్మలో కనబడదు, పిల్లలు పడుకుని ఉంటారు. గదిలో ట్యూబ్‌లైటు ఆపేయండి. ఫ్యాను కూడా ఆపాలి, లేకపోతే పంచె ఊగుతుంది, దాంతో మెరుపూ ఊగుతుంది. ఉక్కబోతకి ఓర్చుకోక తప్పదు.

ముదురు రంగు చొక్కానో చీరో కట్టుకోండి. ఎర్ర లక్క మీద తెల్ల చొక్కా వేసుకున్న మనిషి నిలువునా కనబడతాడు.

అమరిక

అసలు పని ఇదే, దీనికే ఎక్కువ సమయం పెట్టండి.

గోడకి రెండడుగులు ఇవతల బల్ల వేయండి. బూడిద రంగు చార్టుని గోడకి అంటించి, కింద మడత పడకుండా వంపుగా బల్ల మీదికి పరవండి. గరుకు చార్టే వాడాలి, మెరిసే కాగితం వద్దు. ఎర్ర చార్టు మీద పెట్టిన పసుపు బొమ్మ అడుగు భాగం ఎరుపెక్కుతుంది, లక్క తన కింద ఉన్న చార్టు రంగునూ లాక్కుంటుంది. అందుకే మొదట్లో బూడిదకి మించింది లేదు.

బొమ్మని చార్టు మధ్యలో పెట్టండి. దాని ఎడమ పక్క, జానెడు నుంచి అడుగు దూరంలో, బట్టల స్టాండుకి పంచెని బిగుతుగా క్లిప్పులు పెట్టి తెరలా కట్టండి. తెర అడుగు అంచు బల్లని తాకాలి, పై అంచు బొమ్మ ఎత్తుకి రెండింతలైనా ఉండాలి. ఈ కొలత ఎందుకంటే, నిలువుగా గుండ్రంగా ఉన్న బొమ్మ మీద తెర ప్రతిబింబం నిలువు పట్టీలా పడుతుంది. తెర బల్ల దాకా దిగకపోతే ఆ పట్టీ బొమ్మ నడుము దగ్గరే ఆగిపోయి కింద సగం చీకటిగా ఉంటుంది. దిగితే తల నుంచి పాదం దాకా ఏకధారగా జారుతుంది. లక్క మీద పట్టు అంచులాంటి ఆ ఒక్క పట్టీ కోసమే ఈ తంతంతా.

ఇప్పుడు తెర వెనక బల్బు. గుడ్డకి ఆనించి పెడితే తెర మధ్యలో మాత్రమే ప్రకాశవంతమైన ముద్ద కనిపిస్తుంది, బొమ్మ మీద కూడా అదే ముద్ద పడుతుంది. తెరకి రెండడుగులు వెనక్కి జరపండి, తెరంతా సమంగా వెలిగే దాకా. ఆ తర్వాత బల్బుని మెల్లగా తెర ఒక అంచు వైపు, అంటే గోడ వైపు, జరిపి చూడండి. మెరుపు పట్టీ ఒక పక్క తెల్లగా మొదలై రెండో పక్కకి వచ్చేసరికి లక్క రంగులో కలిసిపోతుంది. బొమ్మ గుండ్రంగా ఉందని కంటికి అనిపించేది అప్పుడే. రెండు పక్కలా ఒకేలా కోసినట్టున్న పట్టీ ఉంటే బొమ్మ మీద స్టిక్కరు అంటించినట్టుంటుంది.

కుడి పక్క థర్మోకోల్ నిలబెట్టండి. దగ్గరికి తెస్తే నీడ పలచబడుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. నేనైతే నీడని పూర్తిగా పోనివ్వను, రెండు పక్కలా ఒకే వెలుతురున్న బొమ్మ అట్టముక్కలా కనిపిస్తుంది. థర్మోకోల్ కూడా బొమ్మ కుడి అంచున సన్నటి తెల్ల గీతలా కనిపిస్తుంది. అది అందంగానే ఉంటుంది, వెడల్పైతేనే కత్తిరించాలి. కావాల్సినంత వెడల్పు మిగిల్చి మిగతా థర్మోకోల్ మీద నల్ల చార్టు కప్పేయండి.

రెండో బల్బుని మొదట్లో వెలిగించకండి. చాలామంది చేసేది ఇక్కడే చెడుతుంది: చీకటిగా ఉందని ముందు నుంచి ఇంకో దీపం పెడతారు, రాణి ముఖం మీద ఇంకో తెల్లచుక్క వస్తుంది. రెండో బల్బు పని వెనక చార్టుని వెలిగించడం మాత్రమే. బొమ్మకి అది నేరుగా కనబడకూడదు, మధ్యలో ఒక అట్ట అడ్డుపెట్టండి.

కుంకుమ భరిణె మూత

భరిణెకి అడ్డం తిరిగేది దాని మూత. బల్లపరుపుగా, కొద్దిగా ఉబ్బుగా ఉండే ఆ పైభాగం పక్కనున్న తెరని చూడదు, పైకప్పుని చూస్తుంది. పైకప్పు చీకటిగా ఉంటే మూత నల్లగా, రంగు లేనట్టు వస్తుంది. లేతు తిప్పినప్పుడు పడిన ఉంగరాల్లాంటి గీతలు కూడా కనబడవు. ఇక్కడ ఒక థర్మోకోల్ ముక్కని భరిణె పైన, కాస్త వెనగ్గా, ముందుకి వాలేలా పట్టుకోండి. ఎవరినైనా పట్టుకోమని మీరు ఫోన్లో చూస్తూ అర అంగుళం చొప్పున జరిపించండి. ఒక కోణం దగ్గర మూత ఒక్కసారిగా వెలుగుతుంది. ఇంకొంచెం జరిపితే తెల్లగా పేలిపోతుంది. ఆ రెంటి మధ్య, మూత వెనక సగం మెరిసి ముందు సగం రంగు చూపించే చోట ఆపండి.

దీనికి సూత్రం బళ్లో చదువుకున్నదే: వెలుతురు ఏ కోణంలో వచ్చి తగులుతుందో అదే కోణంలో తిరిగి పోతుంది. బల్లపరుపు వస్తువులకి ఇది బాగా పనికొస్తుంది. వార్నిష్ వేసిన నిర్మల్ పెయింటింగ్‌కి ఫొటో తీయాలంటే కెమెరాని దానికి సూటిగా ఎదురుగా పెట్టి, దీపాల్ని రెండు పక్కలా దూరంగా, బొమ్మని ఏటవాలుగా తాకేలా పెడితే మెరుపు కెమెరా వైపు రాదు. కెమెరా వెనక నల్ల దుప్పటి కడితే మీ ప్రతిబింబం కూడా పడదు. గుండ్రటి బొమ్మలకి ఈ తప్పించుకునే వీలు లేదు, ఏ మూల దీపం పెట్టినా దాని మీద ఎక్కడో ఒకచోట కనబడి తీరుతుంది.

ఫోను సంగతి

చేత్తో పట్టుకోవద్దు. స్టాండు లేకపోతే గ్లాసునిండా బియ్యం పోసి ఫోను నిలబెట్టండి, రెండు మూడు సెకన్ల టైమర్ పెట్టండి.

బొమ్మ దగ్గరికి వెళ్లకండి. మరీ దగ్గరైతే చాలా ఫోన్లు తమంతట తామే వైడ్ లెన్సుకి మారిపోతాయి. బొమ్మ తల పెద్దదై కాళ్లు సన్నబడతాయి, ఫోను నల్లటి పలకలా లక్కలో కనిపిస్తుంది. రెండు మూడు అడుగులు వెనక్కి వెళ్లి 2ఎక్స్ జూమ్ పెట్టండి. కెమెరా ఎత్తు బొమ్మ ఛాతీ ఎత్తుకి ఉండాలి. పైనుంచి కిందకి తీస్తే రాణి మరుగుజ్జు అవుతుంది.

ప్రో మోడ్ (అంకెలు మనమే పెట్టుకునే కెమెరా పద్ధతి) ఉంటే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె) 50 లేదా 100, షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) సెకనులో 1/50 లేదా 1/100 వంతు. ఈ షట్టర్ అంకెలకి కారణం మన కరెంటు. అది సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, చవక బల్బులు ఆ లెక్కన సెకనుకి వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి. 1/50, 1/100 పెడితే ఆ మినుకులు పూర్తిగా లెక్కలోకి వచ్చి చారలు పోతాయి. చీకటైతే 1/25కి దిగండి, ఫోను కదలదు కాబట్టి పర్వాలేదు. ప్రో మోడ్ లేనివాళ్లు ఫోను తెర మీద బొమ్మ ముఖాన్ని నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి, వెలుతురు గుర్తుని కొద్దిగా కిందకి లాగండి. ఫ్లాష్ మాత్రం అన్నివేళలా ఆపే ఉంచాలి.

వైట్ బ్యాలెన్స్‌ని (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగుల్ని సర్దే అమరికని) ఆటోలో వదలొద్దు. పసుపు బొమ్మకి ఒక రంగు, నీలం బొమ్మకి ఇంకో రంగు అనుకుని ఫోను ఒక్కోదానికి ఒక్కోలా సర్దేస్తుంది. 6500 కె బల్బు అయితే అంకె అక్కడే పెట్టి, బొమ్మ పక్కన తెల్ల కాగితం ఉంచి ఒక ఫొటో తీసుకోండి. తర్వాత ఎడిటింగ్‌లో ఆ కాగితాన్ని తెల్లగా చేసే సవరింపునే మిగతా అన్నిటికీ వాడొచ్చు.

ఎరుపుతో జాగ్రత్త

ఏటికొప్పాకలో సహజ రంగులకి తిరిగి ప్రాణం పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటి వాటి నుంచి తీసిన ఆ రంగులు రసాయన రంగుల్లా అరిచేవి కావు, కాస్త లోపలికి ఇంకినట్టుంటాయి. ఫోనుకి ఆ నెమ్మది నచ్చదు. నారింజ, ఎరుపు కనిపిస్తే చాలు, రంగు పెంచేస్తుంది. అప్పుడు లక్క మీది సన్నటి గీతలన్నీ ఒకే ఎర్రముద్దలో మునిగిపోతాయి. ఎర్ర బొమ్మలకి వెలుతురు అరమెట్టు తగ్గించి తీసి, తర్వాత ఫొటోలు సరిదిద్దే యాప్ స్నాప్‌సీడ్‌లో శాచురేషన్ (రంగు గాఢత) పది పదిహేను పాయింట్లు తగ్గించండి. బొమ్మని ఫోను పక్కనే పెట్టుకుని చూస్తూ సరిచేయాలి, గుర్తున్నదాన్ని బట్టి కాదు. రంగు తేడాగా ఉందని వస్తువు తిరిగొస్తే రవాణా ఖర్చు బొమ్మ చేసినవాళ్ల మీదే పడుతుంది.

పసుపుతో వచ్చే రంగు ఎండకి వెలిసిపోతుంది. ఫొటో కోసం ఎండలో గంటలకొద్దీ పెట్టి ఉంచొద్దు.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్ అడిగితే

అమెజాన్‌లో మొదటి ఫొటోకి స్వచ్ఛమైన తెలుపే కావాలి. వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి, జూమ్ పనిచేయాలంటే పొడవు వైపు కనీసం 1000 పిక్సెళ్లుండాలి. తెల్ల చార్టు వేసి, బొమ్మని దానికి ఒకటిన్నర అడుగు ముందుకు జరిపి, రెండో బల్బు వెలుతురంతా చార్టు మీదే పడేలా చూడండి.

ఇక్కడ ఒక చిక్కుంది. తెల్ల చార్టు వెలుతురు బొమ్మ అంచుల మీద కూడా మెరుస్తుంది. పసుపు, లేత రంగు బొమ్మల అంచు తెలుపులో కలిసిపోతుంది, బ్యాక్‌గ్రౌండ్ తీసేసే యాప్‌లు ఆ అంచుని కొరికేస్తాయి. మందు చవకే: నల్ల చార్టుని నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, బొమ్మకి రెండు పక్కలా, కొంచెం వెనగ్గా, ఫ్రేములోకి రాకుండా నిలబెట్టండి. అంచుల్లో నలుపు ప్రతిబింబించి, పెన్సిలుతో గీసినట్టు సన్నటి గీత ఏర్పడుతుంది.

లక్క గాజులు, ఇత్తడి

హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులకి తెర ఒక్కటే పెడితే గాజు అందంగా వస్తుంది, రాళ్లు మాత్రం చచ్చిపోతాయి. రాయి మిలమిలలాడాలంటే చిన్న, గట్టి దీపం కావాలి. కాబట్టి గాజు ఒంటికి తెర, రాళ్లకి వెనక పైనుంచి ఒక చిన్న టార్చి. టార్చిని చేత్తో తిప్పుతూ వరసగా ఏడెనిమిది ఫొటోలు తీసి, ఎక్కువ రాళ్లు పట్టుకున్నది ఎంచుకోండి. గాజు నిలబడడానికి రబ్బరు ముక్కలో చీలిక పెట్టి అందులో గుచ్చితే సరిపోతుంది, జిగురు అంటించొద్దు.

పెంబర్తి ఇత్తడి పనికి ఒక్క పక్క తెర చాలదు. మూడు వైపులా, పైనా గుడ్డ కట్టి కెమెరాకి మాత్రం కంత వదలాలి. పోలరైజ్డ్ కళ్లద్దం లెన్సుకి అడ్డంపెట్టి తిప్పితే మెరుపు పోతుందని వింటుంటాం. లక్క మీద, అదీ ఏటవాలు కోణంలో, కొంతవరకు నిజం. లోహం మీద అది పనిచేయదు.

చివర్లో సర్దుబాటు

స్నాప్‌సీడ్ ఉచితం, చాలు. హీలింగ్‌తో మిగిలిన దుమ్ముచుక్కలు తీయండి, చార్టు మూలలు సరిచేయండి. మెరుపు పట్టీని చెరపకండి. చేతిపనిలో ఉండే చిన్న తేడాని, కనుబొమ్మ ఒకటి కాస్త పైకి ఉండడంలాంటిదాన్ని, కూడా చెరపొద్దు. ఒక్కో వస్తువుకి నాలుగు ఫొటోలుండాలి: ఎదురుగా, పక్కగా, మూత తీసి లేదా అడుగు చూపిస్తూ, చేతిలో పట్టుకుని. కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది సైజు దగ్గరే, ఆ నాలుగోది ఉంటే ఎంత ఉంటుందన్న ప్రశ్న రాదు.

వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే కుదించి సన్నగీతల్ని తినేస్తుంది. అమరిక విప్పే ముందు బల్ల, స్టాండు, బల్బు కాళ్ల దగ్గర నేల మీద టేపు ముక్కలు అంటించి, మొత్తం అమరికకి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చే నెల కొత్త సరుకు వచ్చినప్పుడు పది నిమిషాల్లో మళ్లీ కట్టుకోవచ్చు.